జూన్ పద్నాలుగు, మధ్యాహ్నం

ఆశాజ్యోతి కోడిమాంసానికి మసాలా పట్టిస్తుండగా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు భర్త అనిల్ కుమార్. అత్తగారు సువార్తమ్మ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన. చర్చి సంఘమంతా భోజనానికి వస్తుంది, ఎనభై మంది. వంటమనిషిని పెడదామంటే, “ఇంట్లో కూచుని నువ్వు చేసే పనేంటి?” అన్నాడు వారం ముందు. ఆ మనిషే ఇప్పుడు, “ఆశా, నీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. చూసి చెప్పవా?” అన్నాడు. ఆశాజ్యోతి చేతులు కడుక్కుని మరీ చెప్పింది. కాసేపటికి ఇంకోటి అడిగితే అదీ చెప్పింది. దేనికని అడగలేదు.

దేనికో ఏడాది తర్వాత కోర్టులో తెలిసింది. అప్పటికి అతను ఆమెను వదిలేసి తణుకులో వేరే కాపురం పెట్టాడు. ఆమె మనోవర్తికి కేసు వేస్తే, ఆమె పేరున రెండేళ్ల ఆదాయపన్ను రిటర్నులు తెచ్చి చూపించాడు. ధవళేశ్వరంలో ఈవిడకి టైలరింగ్ షాపుందట, తన బతుకు తను బతకగలదట! షాపు నడిపిందన్న ఆ రెండేళ్లూ ఆశాజ్యోతి మంచాన పడ్డ సువార్తమ్మకి ఒళ్లు తుడిచి, దుప్పట్లు ఉతికి, అన్నం కలిపి నోట్లో పెట్టింది. మిషను మీద కుట్టినవల్లా అత్తగారి నైటీలు. ఆ చాకిరీ ఏ రిటర్నులోనూ లేదు.

ఆ రిటర్నులు తను వేయలేదంది ఆమె. వేసిందన్నాడు అతను. రికార్డు తీస్తే రెండూ ఒకే రోజు, జూన్ పద్నాలుగున, కేసుకి ఐదు నెలల ముందే దాఖలయ్యాయి. ఓటీపీలు వెళ్లింది ఆశాజ్యోతి ఫోన్‌కే.

“ఆ రోజు ఫోన్ మీ దగ్గర లేదని చెప్పండి. మనకున్నది అదొక్కటే దారి” అంది ఆమె లాయరు లావణ్య, కోర్టు మెట్ల మీద.

మోసపోవడం ఒక ఎత్తు, ఆ మధ్యాహ్నం తను సంతోషపడడం ఒక ఎత్తు. ఆ సంతోషం గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతోంది ఆశాజ్యోతి. అయినా బోనెక్కాక ఆ ఒక్క పూటనీ అబద్ధం చేయబుద్ధి కాలేదు.

“ఓటీపీలు ఎవరు చెప్పారమ్మా?” అన్నాడు అనిల్ తరఫు లాయరు.

“నేనేనండి.”

“ఆయన బలవంతం చేశారా? బెదిరించారా?”

“లేదండి.”

“మరి దేనికని కూడా అడక్కుండా ఎందుకు చెప్పారు?”

ఆశాజ్యోతి అనిల్ వైపు చూసింది. అతను ఫోన్ చూసుకుంటున్నాడు.

“పదకొండేళ్ల కాపురంలో ఎప్పుడూ ఏమే, ఒసేయ్ అనే పిలిచారండి. ఆ రోజు పేరు పెట్టి పిలిచారు.”

టైపిస్టు వేళ్లు ఆగాయి. జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు.

“‘నా ఇష్టపూర్వకంగానే చెప్పాను’ అని టైపు చేయండి” అన్నారు.