ఇన్సూరెన్స్ ఇవ్వని మందు

"మీ ఆఫీసులో ఒక మాట అడిగి చూడకూడదా?" అన్నారు ఆండ్రూ, గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నేను పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. ఏమడగాలండీ అన్నాను. గోడకే చెబుతున్నట్టు ఒక్కో ముక్కా బయటపెట్టారు. వాళ్ళ కంపెనీలో ఎవరో చెప్పారట. రెండు మూడు మందులు కలిపి, మనిషిని బట్టి ప్రత్యేకంగా తయారుచేసే బిళ్ళ ఉందట. నాలుక కింద పెట్టుకుంటే మగవాళ్ళకి ఆ ఇబ్బంది పోతుందట. నెలకి అయ్యే ఖర్చు మాత్రం పాప స్కూలు బస్సు ఫీజుని మించిపోతుందట.

"ఇన్సూరెన్స్ ఇస్తుందేమో కనుక్కో. ఎవరో కస్టమర్ అడిగాడని చెప్పు. మన పేరు రానియ్యకు."

కనుక్కోవడానికేముంది? దోహాలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుని, ఏ మందుకి డబ్బు వస్తుందో, దేనికి రాదో రోజంతా చెప్పడమే నా ఉద్యోగం. రాదని నాకు అప్పుడే తెలుసు. అయినా అలాగే అన్నాను. రెండేళ్ళలో మొదటిసారి ఆ సంగతి ఆయన నోటివెంట వచ్చింది మరి. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కాసేపయ్యాక గుర్తొచ్చి స్విచ్చి ఆపాను.

రెండేళ్ళూ ఆ సంగతికి మా ఇంట్లో నా పేరే పెట్టారు. "నువ్వు అలిసిపోయి వస్తావు, నీ మొహం చూస్తే నాకూ నిద్రొస్తుంది" అన్నారు ఆయన మొదట్లో. నిజమే కాబోలు అనుకుని ఆఫీసు నుంచి రాగానే స్నానం చేసి, జడ వేసుకుని, అప్పుడు వంటింట్లోకి వెళ్ళేదాన్ని. "ఆ నైటీ ఏంటి, గోనెసంచీలా" అన్నారు. కొత్తది కొన్నాను. ఆ తర్వాత అనడం కూడా మానేసి అటు తిరిగి పడుకునేవారు. ఇక్కడ సెలవు శుక్రవారమే, చర్చికి వెళ్ళేదీ ఆ రోజే. ప్రతి శుక్రవారం మేం చర్చి నుంచి రాగానే నరసాపురం నుంచి అత్తయ్యగారి ఫోను. "ఏవమ్మాయ్, పాపకి తొమ్మిదేళ్ళొచ్చాయి, రెండోదాని మాటేంటి? ఒళ్ళు తగ్గించు. థైరాయిడ్ చూపించుకో." చూపించుకున్నాను. మెంతులు నానబెట్టుకుని తిన్నాను. ఉపవాస ప్రార్థనలు చేశాను. ఆవిడ అలా అంటున్నప్పుడల్లా ఆయన పక్కనే కూర్చుని, రిమోటు పట్టుకుని చానళ్ళు మార్చేవారు. ఒక్కసారైనా "దానిదేం తప్పులేదమ్మా" అనలేదు. ఆయన షుగరు మాత్రలు వేళకి చేతిలో పెట్టేది నేనే, మధ్యాహ్నం జొన్నరొట్టె డబ్బాలో సర్దేది నేనే. అదే షుగరు మా ఇద్దరి మధ్యా పడుకుంటోందేమోనన్న అనుమానం మాత్రం నాకు రాలేదు. నాలో ఏదో ఎండిపోయిందనే నమ్మాను.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు, తెలుగు వచ్చినవాళ్ళు కావాలని అడిగిన ఒకావిడ ఫోను నాకు కలిపారు.

"మేడం, నా పేరు మాలతి. మాది జగిత్యాల దిక్కు. ఈడ సెలూన్ల పని చేస్త. మా ఆయనకు షుగరున్నది, దాంతోని గా ఇబ్బందొచ్చింది. కలిపి చేసే మందేదో ఉన్నదని అందరు చెప్తున్నరు. ఇన్సూరెన్స్ ఇస్తదా?"

పొద్దున ఆండ్రూ చేతిలో పెట్టిన షుగరు మాత్రలు గుర్తొచ్చాయి. "ఇవ్వదమ్మా. ఆ ఇబ్బందికి వాడే మందులు మీ పాలసీలో లేవు. కలిపి చేసేవి అసలే లేవు. షుగరు డాక్టరుకి చూపించుకోవడానికైతే వస్తుంది. ముందు అక్కడికి తీసుకెళ్ళండి."

"తోల్కపోత. మా గజేందర్‌కు సిగ్గు మేడం. నువ్వెందుకడుగుతవే అంటడు. ఎందుకడగొద్దు? నాది గూడ గదా ఈ కష్టం! నాకు ముప్పైనాలుగేండ్లే." ఆవిడ నవ్వింది. నవ్వాపుకోలేక నేనూ నవ్వాను.

పక్క సీటులో నిరంజన్ గారు చెవులు రిక్కించే ఉన్నారు. "ఆ కేసేనా? ఇప్పుడు ఆడవాళ్ళు కూడా మొదలుపెట్టారా?" అన్నారు కన్ను కొట్టి. ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడల్లా ఆయన జోకులకి నేను తలదించుకుని కంప్యూటర్లోకి చూసేదాన్ని.

"వాళ్ళు మొదలుపెడితేనే తెములుతుందండీ" అన్నాను ఆయన మొహంలోకి చూసి. ఆయన టీకి లేచి వెళ్ళిపోయారు. నాలుక కింద ఏ బిళ్ళా పెట్టుకోకుండానే నా ఒళ్ళంతా హుషారొచ్చింది.

సాయంత్రం అబూ హమూర్‌లో మా ఫ్లాటుకి చేరగానే ఆండ్రూ కళ్ళతోనే అడిగారు. పాప బాల్కనీలో ఆడుకుంటోంది.

"ఇన్సూరెన్స్ ఇవ్వదు. శనివారం పొద్దున షుగరు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఇద్దరం వెళ్తున్నాం."

"ఇద్దరమా? నువ్వెందుకు? పరువు తీస్తావా?"

"మీ ఒక్కరిదే అయితే మీరొక్కరే వెళ్ళేవారు. ఇది నాది కూడానండీ."

అంత మాట అనేశాక నాకే భయమేసింది. ఆయన కోప్పడలేదు. మంచం మీద కూర్చుని కాళ్ళవైపు చూసుకుంటూ, "ఎన్నింటికి?" అన్నారు.

శనివారం మెసైమీర్ క్లినిక్‌లో చూసిన డాక్టర్ జియావుద్దీన్ పెద్దాయన. గుండె సంగతీ, వాడుతున్న మాత్రల సంగతీ హిందీలో అన్నీ ఓపిగ్గా అడిగారు. ఆ కలిపిన బిళ్ళలో ఏది ఎంత ఉంటుందో తనకి నమ్మకం లేదన్నారు. దీనికి మామూలు మాత్రే ఉంది, ఇన్సూరెన్స్ దానికీ రాదు గానీ ధర తక్కువే, ఆండ్రూకి సరిపడుతుంది అన్నారు. షుగరు అదుపులో పెట్టుకోవాలి, రోజూ నడవాలి అన్నారు.

"ఇది నా వల్ల వచ్చిందా డాక్టర్?" అని అడిగేశాను.

ఆయన రాయడం ఆపారు. "మీ వల్లా? షుగరు వల్లమ్మా. రక్తనాళాలు దెబ్బతింటాయి. మీకు ఇలాగని ఎవరు చెప్పారు?" తర్వాత కళ్ళజోడు తీసి, "మీరెలా ఉన్నారు?" అన్నారు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఇద్దరి మంచం సంగతిలో నేనెలా ఉన్నానని అంతవరకూ ఈ భూమ్మీద ఎవరూ అడగలేదు.

కిందున్న మందులషాపులో కుర్రాడు చీటీ చూసి, కార్డు వెనక్కిచ్చి, "ఇన్సూరెన్స్ మాఫీ! ఫులూస్!" అని అరబ్బీలో కేకేశాడు, ఇన్సూరెన్స్ రాదు, డబ్బు కట్టమని. షాపులో ఉన్న అందరూ ఆ మాత్రవైపూ, మావైపూ చూశారు. ఆండ్రూ బిక్కచచ్చిపోయారు. కారెక్కాక నావైపు చూశారు. నేను నోరు మూసుకుని నవ్వుతో ఊగిపోతున్నాను. ఆయనకీ నవ్వొచ్చింది. ఎంత నవ్వామంటే ఆయన స్టీరింగ్ మీద తల ఆన్చేశారు. తల ఎత్తకుండానే, "అమ్మ నిన్నంటుంటే నేను చెప్పి ఉండాల్సింది" అన్నారు.

"అవును, చెప్పి ఉండాల్సింది" అన్నాను. పర్వాలేదులెండి అనలేదు.

మాత్ర పనిచేసింది. కానీ నాకు అంతకంటే ముద్దొచ్చింది ఇంకొకటి. పాప స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, కర్టెన్లోంచి ఎండ మంచం మీద పడుతుంటే, పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఆయన "నీకేం ఇష్టం?" అని అడిగారు. చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను. ఆయన విన్నారు. కుక్కరు పెట్టడం మరిచిపోయి ఆ పూట ముగ్గురం బయట పరోటాలు తిన్నాం.

తర్వాతి శుక్రవారం అత్తయ్యగారి ఫోను. స్పీకర్లో పెట్టాను. "ఏవమ్మాయ్, థైరాయిడ్ మళ్ళీ చూపించావా?" ఫోను ఆండ్రూ ముందుకి జరిపాను. ఆయన రిమోటు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తెరెసాకి ఏమీ లేదే. ఇబ్బంది నాది. షుగరు వల్ల. మందు వాడుతున్నాను."

"ఓరి నీ తస్సాదియ్యా, ఇన్నాళ్ళూ చెప్పవేంట్రా!" అన్నారావిడ. "ఏమనుకోకమ్మాయ్. నోటికొచ్చినట్టల్లా అన్నాను. అయితే ఇహ రెండోది..."

"లేదండీ అత్తయ్యగారూ" అన్నాను. ఎప్పుడు నిర్ణయించుకున్నానో నాకే తెలీదు. మాట మాత్రం తేలిగ్గా వచ్చింది. "మాకు పాప చాలు. ఈ మందు పిల్లల కోసం కాదు. మా ఇద్దరి సంతోషం కోసం."

ఆండ్రూ నావైపు చూసి, నా చెయ్యి పట్టుకున్నారు. నరసాపురంలో తలుపు వేసిన చప్పుడు, గడియ పెట్టిన చప్పుడు వినిపించాయి. తర్వాత అత్తయ్యగారు గుసగుసగా అడిగారు.

"ఆ స్పీకరు తీసెయ్యమ్మాయ్. మీ మావయ్యగారికీ పదేళ్ళుగా షుగరే. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటావు?"