అత్తకూ అల్లుడికీ మధ్య ఒక బొంత

నేను ఒక బొంతను. చాలాకాలం ఆ విషయంలో నాకు అనుమానమే ఉండేది కాదు. కప్పుకుంటే చలి ఆపుతాను, పరుచుకుంటే నేల తగలనివ్వను, మడతపెడితే మూలన పడి ఉంటాను. బొంతకు అంతకన్నా పనేముంటుంది? సాలూరులో ఆ వెనక గదిలోకి వెళ్లాక మాత్రం నేనేమిటో నాకే తెలియకుండా పోయింది. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మీకేమైనా అర్థమైతే మంచిదే.

నన్ను కుట్టింది పైడమ్మ. మక్కువ దగ్గర పల్లె ఆవిడది. ఆవిడ తల్లి కట్టిన ఎర్ర నేతచీర నాలో ఉంది, మావగారి పంచెలు రెండున్నాయి, ఎవరివో గుర్తులేని రవికె ముక్కలున్నాయి. రెండు వేసవులు కుట్టింది. చేతిలో సూది కదిలితే ఆవిడ గొంతులో పాట కదిలేది. నాట్ల పాటలు, దంపుడు పాటలు, జోలపాటలు. సూది ఆగితే పాటా ఆగేది. ఆ రెండూ ఒకే పని కాబోలనుకునేదాన్ని. పుట్టింది మొదలు నేను విన్నది అదే కదా.

కూతురు సత్యవేణి కాపురానికి వెళ్తుంటే మంచంతో పాటు నన్నూ పంపారు. అల్లుడు జోగినాయుడు సాలూరులో మైకుసెట్టు అద్దెకిస్తాడు. అతను జాతరకు బాక్సులు పెడితే పక్క వీధిలో కిటికీలు అదరాల్సిందే. మనిషి మంచివాడే గానీ, నన్ను కప్పుకోవాలని అతనికి తోచలేదు. వ్యానులో కుదుపులకు దెబ్బ తినకుండా ఆంప్లిఫయరుకు చుట్టాడు. మనుషులకన్నా ఆంప్లిఫయరుకే చలెక్కువేమోనని సరిపెట్టుకున్నాను.

నాలుగేళ్లు అలా గడిచాయి. అప్పుడు పైడమ్మ గొంతులో గడ్డ బయటపడింది. ప్రాణభయం లేదు గానీ, ఆపరేషన్ తర్వాత గొంతు మునుపటిలా ఉంటుందని చెప్పలేనన్నాడు విశాఖ డాక్టరు. ఇచ్చిన గడువు పదకొండు రోజులు. సత్యవేణికి అప్పుడు ఏడో నెల.

"మాయమ్మ పాట ఇనకుండా నా బిడ్డకి నిద్దరెలాగొస్తాదయ్యా? ఊరందరికీ మైకులెడతావు, మాయమ్మకి ఒక్క మైకెట్టలేవా?" అని మొగుడి ముందు కూర్చుని ఏడ్చింది.

జోగినాయుడికి పౌరుషం వచ్చింది. వెనక గదిని స్టూడియో చేస్తానన్నాడు. చేతిలో ఉన్న కాస్తలోనే పాత కంప్యూటరొకటి, ఎవరో వాడి వదిలేసిన మైకొకటి తెచ్చాడు. చిక్కల్లా ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక అతను చేసిందంతా చప్పుడు పెంచడమే. దాన్ని తగ్గించి, ఒక్క గొంతును పట్టుకోవడం ఎలాగో అతనికి తెలియదు. ఫోనులో వీడియోలు చూశాడు. వీధి చివర నూడిల్స్ బండివాణ్ణి బతిమాలి గుడ్ల అట్టలు తెచ్చి గోడల నిండా అంటించాడు. గుడ్లు లేని అట్టలు గోడలకెందుకో నాకు బోధపడలేదు. చీమలకు మాత్రం వెంటనే బోధపడింది.

ఎదురుగా లారీల షెడ్డు. పొద్దున్నుంచీ సుత్తి దెబ్బలే. మధ్యాహ్నం ఒంటిగంటకు పనివాళ్లు భోజనాలకు వెళ్తే, రెండింటిదాకా నిశ్శబ్దం. ఆ ఒక్క గంటే వీళ్లకు దిక్కు. ఫ్యాను ఆపేవారు, తలుపులు మూసేవారు. పల్లె నుంచి వచ్చి ఉంటున్న పైడమ్మను తెచ్చి మైకు ముందు కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఆవిడ పమిట నెత్తిమీదికి లాక్కుని, కుర్చీ అంచున ముడుచుకుని నేలచూపులు చూసేది.

"పాడండత్తా," అనేవాడు జోగినాయుడు, ఎదురుగా కంప్యూటరు దగ్గర కూర్చుని.

ఆవిడ దగ్గేది. ఏదో గొణిగేది. అంతే.

మొదటిరోజు మైకు తప్పన్నాడు. రెండోరోజు వైరు మార్చాడు. నాలుగోరోజు గది మారుమోగుతోందని కనిపెట్టి, నన్ను ఆంప్లిఫయరు మీంచి ఊడదీసి గోడకు మేకులతో కొట్టాడు. నిలువుగా ఉన్న బొంతను ఎవరు కప్పుకుంటారు? గోడకు చలేస్తోందా? నాకు తల తిరిగిపోయింది. అయిదోరోజు నన్ను తట్టి చూసి, "ఇది సరిగ్గా పీల్చట్లేదే," అన్నాడు. ఏం పీల్చాలో చెబితే కదా పీల్చడానికి! తప్పు నాదేనేమోనని నిజంగానే కుమిలిపోయాను. ఒకప్పుడు నా మీద అన్ని పాటలు పాడిన మనిషి, నేను అదే గదిలో ఉన్నా ఎందుకు పాడడం లేదు?

"అమ్మా, ఓపాలి పాడవే," అని సత్యవేణి గడ్డం పట్టుకుని అడిగింది.

"రావట్లేదే తల్లీ. ఎక్కడికెల్లిపోనాదో," అంది పైడమ్మ, కూతురికి మాత్రమే వినపడేలా.

గడువు ఇంక రెండు రోజులే ఉంది. ఆ రోజు పాతగోడ పెచ్చు ఊడి, మేకులు నన్ను చీల్చుకుంటూ ఊడివచ్చాయి. జోగినాయుడు విసుక్కుని, గదికి అడ్డంగా దండెం కట్టి నన్ను దాని మీద వేశాడు. మైకూ పైడమ్మా ఒక పక్క, కంప్యూటరూ తనూ ఇంకో పక్క. సత్యవేణి గుమ్మంలో నిలబడింది. షెడ్డులో సుత్తులు ఆగాయి. మిషను సరిగ్గా ఉందో లేదో చూద్దామని అతను రికార్డింగు మీట నొక్కి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

పైడమ్మ తలెత్తింది. ఎదురుగా నేనే ఉన్నాను. లేచి దగ్గరికొచ్చి, మేకు చేసిన చిరుగులో వేలు పెట్టి చూసింది.

"ఓలమ్మ! ఎంత సిరిగిపోనాదో," అంది.

రొంటిన దోపుకున్న వక్కసంచిలోంచి సూదీ దారం తీసింది. మైకు అడ్డొస్తోందని కొంచెం జరిపి, దాని పక్కనే నేలమీద చతికిలబడి, నా కొసను ఒళ్లోకి లాక్కుంది. సూది దిగింది. రెండో కుట్టుకు పాట వచ్చింది.

నాకు రెండు వైపులా కనబడుతుంది. ఇటు పైడమ్మ కళ్లు కుట్టు మీదే ఉన్నాయి. అటు జోగినాయుడు మొదట ఉలిక్కిపడ్డాడు, తర్వాత కదలడం మానేశాడు. చెంపల మీద జారుతున్నది చెమటో కన్నీళ్లో తుడుచుకుంటే చప్పుడవుతుందేమోనని అలాగే ఉండిపోయాడు. అప్పుడు వెలిగింది నాకు. ఈ నాలుగేళ్లలో ఆవిడ అల్లుడి ఎదుట గొంతెత్తి మంచినీళ్లయినా అడగలేదు. ఏం కావాలన్నా కూతురి చెవిలో చెప్పేది, కూతురు మొగుడికి చెప్పేది. అలాంటి మనిషిని అల్లుడి ముందు కుర్చీలో కూర్చోబెట్టి పాడమన్నారు! అట్టలంటించే హడావిడిలో మొగుడూ పెళ్లాలకు ఆ మాటే గుర్తు రాలేదు. నేను ఆపవలసింది చప్పుడును కాదు, అల్లుణ్ణి.

అయిదు పాటలయ్యాయి. రెండింటికి షెడ్డులో మొదటి దెబ్బ పడింది. పైడమ్మ ముడివేసి, దారం కొరికి, అంతసేపూ పాడిన సంగతి తనకే తెలియనట్టు కూతురివైపు తిరిగింది.

"మీ ఆయన్ని రమ్మనవే. ఇయ్యాల ఎలాగోలాగ పాడతాను," అంది.

సత్యవేణి నవ్వలేక ఏడవలేక గుమ్మంలోనే కూలబడింది.

ఆ పాటల్లో సూది గుచ్చుకున్న చప్పుడుంది, గుడ్డలోంచి దారం జారిన చప్పుడుంది. మూడో పాట మధ్యలో దారం అయిపోయి, పైడమ్మ కొత్త పోగు ఎక్కించుకునేదాకా ఖాళీ ఉంది. అవన్నీ తీసేస్తానన్నాడు జోగినాయుడు. తీస్తే ఊరుకోనంది సత్యవేణి. అంటే నా గొంతు కూడా ఆ పాటల్లో ఉండిపోయినట్టేనా? అదీ నాకు తేలలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పైడమ్మకు మాట మిగిలింది, పాట మిగల్లేదు. ఆ మాటైనా జీరగా, గాలే ఎక్కువగా వస్తుంది.

ఇప్పుడు నన్ను ఉయ్యాలలో పరిచారు. నా మీద సత్యవేణి కూతురు పడుకుంటుంది. ఒంటికి పాపాయి వెచ్చగా, పైనుంచి ఫోనులో పైడమ్మ పాట. మళ్లీ బొంతనయ్యానేమో అనుకుంటాను. ఫోనులో మూడో పాట మధ్యకు వచ్చి ఆగుతుంది. పాప కళ్లు తెరిచి, పెదవి విరిచి, ఏడుపుకు సిద్ధమవుతుంది. పైడమ్మ ఎక్కడున్నా సరే వచ్చి ఉయ్యాల పట్టుకుంటుంది. ఎదురుగా అల్లుడున్నా ఇప్పుడు ఆగదు. గొంతెత్తుతుంది, ఎత్తడానికి ఉన్న ఆ కాస్తే.

"ఉండమ్మా. దారం అయిపోనాది. ఇంకో పోగెక్కిత్తన్నాను."

పాప ఆగుతుంది. పాట వస్తుంది.