స్లాబు మీద పిడికెడు మట్టి

పొద్దున ఆరింటికి భర్త ప్రభు సైకిలెక్కి పామాయిల్ ఫ్యాక్టరీకి వెళ్లగానే, తబితా బిందె చంకనెత్తుకుని మెట్లెక్కేది. స్లాబు మీది పచ్చికను తడిపి, గడ్డిలో చేతులు పెట్టుకుని కాసేపు కూర్చునేది. ఆ తర్వాతే పొయ్యి ముట్టించేది.

పోయినేడు, రెండువేల మూడు మే నెలలో, కరెంటు లేని ఒక మధ్యాహ్నం వాళ్ల మూడేళ్ల కూతురు దీవెనకు ఆ స్లాబు కింది గదిలోనే వడదెబ్బ తగిలింది. దవాఖానాకు చేరేలోపే పోయింది. సమాధుల దొడ్డిలో అందరూ తలా పిడికెడు మట్టి పెట్టె మీద వేశారు. తబితా కూడా తీసుకుంది గానీ చెయ్యి విప్పలేకపోయింది. పిడికిలి బిగించుకునే ఇంటికొచ్చి, తన సెగతో బిడ్డను కాల్చిన ఆ స్లాబెక్కి, అక్కడ వదిలేసింది.

వారం తిరిగేసరికి ఆ మట్టి జానెడు మందాన స్లాబంతా పరుచుకుంది. గడ్డి మొలిచింది, పిచ్చుకలు చేరాయి. కింద గది కుండలో నీళ్లలా చల్లబడింది. వాన పడితే సగం నీళ్లు పైనే ఇంకిపోయి, ఎదురుగా సోమ్లి రేకుల ఇంట్లోకి వరద రావడం మానేసింది. అశ్వారావుపేటలో ఎవరూ వింతపడలేదు. పెరిగేదేదో నెల ముందు పెరిగితే ఏం పోయేదని మాత్రం అనుకున్నారు. తబితాకూ అదే కడుపుమంట.

ఆ మట్టికి ఒకటే పట్టుదల. ఒకచోటే ఉంటుంది. పాస్టరుగారు అడిగి చర్చి కప్పు మీద పిడికెడు వేయించుకుంటే, సాయంత్రానికి ఇక్కడి గడ్డి పసుపెక్కింది. తబితా ఏడుస్తూ వెళ్లి తిరిగి తెచ్చుకుంది. ఇక దీవెన సమాధి మీద పిడికెడంత గుంట అలాగే ఉండేది. ప్రభు ప్రతి ఆదివారం పూడ్చేవాడు, మళ్లీ ఆదివారానికి అది దిగిపోయేది.

ఈ ఏడు ఎండలు ముదిరేసరికి సోమ్లికి ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులు. పామాయిల్ తోటలో కూలికి పోయే మనిషి, ఏనాడూ ఎవర్నీ ఏదీ అడగలేదు. ఒకరోజు పదకొండింటికే బిడ్డను కొంగులో చుట్టుకుని తబితా గడపలో నిలబడింది.

"అక్కా, రేకులు కాలుతున్నయ్. పొద్దుగూకే దాక పిల్లను మీ ఇంట్ల పండబెడ్త."

"వద్దు సోమ్లీ. ఈ గదిల ఇంకో పిల్ల ఏడిస్తే నేను బతకలేను" అని తబితా తలుపేసింది.

వేసిన తలుపుకే ఆనుకుని కూర్చుంది. తన మీద తనకే అసహ్యమేసింది. ఎదురింట్లో బిడ్డ ఏడుపు వినిపించింది. కాసేపటికి సన్నబడింది. దీవెన ఏడుపూ ముందు అలాగే సన్నబడింది.

తబితా లేచి మెట్లెక్కింది. గడ్డి వేళ్ల కింద నుంచి పిడికెడు మట్టి తీసి, వీధి దాటి, సోమ్లి ఇంటి ముందున్న స్టూలెక్కింది.

సోమ్లి బయటికొచ్చింది. "ఏంజేస్తున్నవ్ అక్కా? మీ పచ్చిక పోతది."

"అవ్, పోతది. నా పిల్ల మీద ఎయ్యాల్సిన మట్టి. అప్పుడు ఎయ్యలేకపోయిన."

కళ్లు మూసుకుని, ఏడాది కిందట విప్పాల్సిన పిడికిలి ఇప్పుడు రేకుల మీద విప్పింది. స్టూలు దిగి వీధిలోనే కూలబడి ఏడ్చింది. సోమ్లి బిడ్డతో సహా పక్కన కూర్చుంది.

సాయంత్రానికి రేకుల మీద గడ్డి పచ్చగా తల ఎత్తింది. ఇటు స్లాబు మీద గడ్డి ఎండి, మట్టి పొడై గాలికి పోయింది. తబితా మళ్లీ తెచ్చుకోవడానికి వెళ్లలేదు.

ఆదివారం ప్రభు మట్టి డబ్బాతో సమాధుల దొడ్డికి వెళ్లి, నిండు డబ్బాతోనే తిరిగొచ్చాడు. తబితా ఉత్త నేల మీద పడుకుని ఉంది. పైన స్లాబు సెగలు కక్కుతోంది.

"గుంట నిండింది తబితా" అన్నాడు. చెమట తుడుచుకుంటూ "ఇల్లు మండిపోతున్నది గదనే, తలుపన్నా తెరువు" అన్నాడు.

"జర మెల్లగ మాట్లాడు" అంది తబితా. "ఎదురింట్ల పిల్ల పండుకుంది."