మొదటి శనివారం డిస్కు

మా ఇంట్లో కంప్యూటర్లు రెండు. ఒకటి నేను ఇళ్ల ప్లాన్లు గీసేది, రెండోది మా ఆయన పేకాట ఆడుకునేది. రెండోది పోయినా లోకానికి వచ్చే నష్టమేమీ లేదని నేనంటాను. ఆయన ఒప్పుకోరు.

ఐదేళ్ల కిందట వంటింటి పైపు పగిలి ఇల్లంతా నీళ్లు నిండినప్పుడు, నా కంప్యూటరూ దాని కాపీ ఉన్న డిస్కూ ఒకే బల్ల కింద ఒకేసారి మునిగాయి. పదకొండేళ్ల ప్లాన్లు పోయాయి. నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే మా అక్క వచ్చి నేల తుడిచింది, గుడ్డలు పిండింది, చివరికి నడుం పట్టుకుని లేచి ఒక మాట అంది.

"నీ డిస్కొకటి నా బీరువాలో పెట్టు. నాదొకటి నీ దగ్గరుంచుకో. రెండిళ్లూ ఒక్కరోజే మునుగుతాయా ఏంటే?"

అక్కది మిషన్ ఎంబ్రాయిడరీ. పువ్వులూ పిట్టలూ ముందు కంప్యూటర్లో గీసుకుని, తర్వాత మిషన్‌కి ఎక్కించి కుట్టేది. ఆ డిజైన్లే ఆవిడ ఆస్తి. ఇద్దరం తలా రెండు డిస్కులు కొన్నాం. ప్రతినెలా మొదటి శనివారం అక్క మా ఇంటికి వచ్చి, కొత్తగా కాపీ చేసింది ఇచ్చి, పోయిన నెల ఇచ్చింది తీసుకెళ్లేది. వస్తూ నా పాతది తెచ్చేది, వెళ్తూ నా కొత్తది పట్టుకెళ్లేది.

ఏడాది తిరక్కుండానే అమ్మ పోయింది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది అక్క. నేను ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. అందరి ముందూ "నువ్వే చంపావు" అన్నాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను తీసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఆ రోజు నుంచి లోపలేదో మొద్దుబారిపోయింది. అది కోపం కూడా కాదు. పన్ను పీకడానికి సూది వేశాక చెంప తడుముకుంటే ఎలా ఉంటుందో, అక్క పేరు వింటే నాకలా ఉండేది.

అక్క మాత్రం శనివారాలు మానలేదు. గుమ్మంలోనే నిలబడేది. "ఇదిగో." "ఇదిగో." "మంచినీళ్లు?" "వద్దులే." నాలుగేళ్లుగా మా ఇద్దరికీ మిగిలింది నెలకి ఆ ఐదు నిమిషాలే. డిస్కులు ఆగిపోతే అక్కకి మా గడప తొక్కడానికి వేరే పనేమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆపాలనుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆయనా నేనూ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మన ఫైళ్లన్నీ నెట్ మీదుగా తీసుకుని ఎక్కడో దూరంగా దాచిపెట్టే కంపెనీలు బోలెడున్నాయి. చదివి చదివి మూడు తేల్చాం. ఒకదాంట్లో, ఇక్కడ పొరపాటున ఏదైనా చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఆ మాత్రానికి డబ్బు కట్టడమెందుకని కొట్టేశాను. ఇంకోదాంట్లో పాస్‌వర్డ్ పూర్తిగా మనదే, మర్చిపోతే కంపెనీవాళ్లు కూడా తెరవలేరు.

"పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయే మనిషివి. అది మనకొద్దు," అన్నారు మా ఆయన.

"మీరు గుర్తుపెట్టుకోండి మరి."

"నేనసలు పాలు పెట్టడమే మర్చిపోతాను."

మూడోది మిగిలింది. మా లైను మీద మొదటిసారి మొత్తం ఎక్కడానికి పంతొమ్మిది రోజులు పడుతుంది. చెరిపినవి ఏడాదిపాటు ఉంచుతారు. బయటి డిస్కులు ఎన్నయినా తగిలించుకోవచ్చు గానీ నెలకోసారైనా తగిలించాలి. లేకపోతే ఆ డిస్కు ఇక లేదనుకుని వాళ్ల దగ్గరున్న కాపీ తీసేస్తారు.

"నెలకోసారి మొహం చూపించకపోతే చుట్టరికం రద్దన్నమాట," అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పేరూ ఊరూ నింపి, సరే అని నొక్కాను.

"మీ అక్క డిస్కు కూడా దీంట్లోనే ఎక్కించేస్తే పోలా? పాపం ఆవిడ తిరగక్కర్లేదు," అన్నారాయన.

అదీ బాగానే ఉందనిపించింది. నేనే ఏదో మేలు చేసినట్టుంటుంది, రావద్దని చెప్పిన పాపమూ అంటదు. బీరువాలోంచి డిస్కు తీసి తగిలించాను. నిన్నగాక మొన్న, ఈ నెల మొదటి శనివారం అక్క ఇచ్చిన డిస్కది. తెరిస్తే డిజైన్లు వరసగా కనిపించాయి. అన్నిటికంటే కొత్తది ఎప్పటిదా అని చూశాను. మూడేళ్ల కిందటిది. తేదీల వరసని తిరగేసి చూశాను. అప్పుడూ అంతే. ఆ తర్వాత ఒక్క పువ్వు లేదు, ఒక్క ఆకు లేదు.

మూడేళ్లు, నెలనెలా, ఏమీ మారని డిస్కుని అక్క మోసుకొచ్చి ఇచ్చింది. నేను అందుకుని తలుపేసుకున్నాను.

ఆయన ఏదో అడుగుతున్నారు. నేను ఫోను తీసి అక్కకి కలిపాను. నాలుగేళ్లలో నేనుగా చెయ్యడం అదే మొదటిసారి.

"ఏమైందే? ఎవరికన్నా బాలేదా?" అంది అక్క, హలో అనకుండానే.

"డిజైన్లు వెయ్యడం ఎప్పుడు మానేశావ్?"



"మిషన్ అమ్మేసి మూడేళ్లయింది. కంప్యూటర్ కూడా దాంతోటే ఇచ్చేశా. చూపు ఆనట్లేదే. దారం కనబడకపోతే ఏం కుడతాను?"

"మరి ప్రతినెలా ఆ డిస్కెందుకు తెస్తున్నావ్?"

"ఊరికే వస్తే తలుపు తీస్తావా?"

తీస్తాననబోయాను. నిజం చెప్పాలంటే తీసేదాన్ని కాదు. అది అక్కకి తెలుసు, నాకూ తెలుసు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

"పెట్టేయనా మరి?" అంది అక్క మెల్లగా.

"వచ్చే నెల నువ్వు రావద్దు," అన్నాను.

"సరేలే."

"సరే కాదు, విను. నేనే వస్తాను. వచ్చే నెల దాకా ఎందుకు, రేపే వస్తాను."

"నీ డిస్కు కోసమా? దాన్ని భద్రంగానే ఉంచానే."

"డిస్కు కోసం కాదు. మీ ఇంటికి ఎన్నో నెంబరు బస్సెక్కాలి? మర్చిపోయాను."

కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను పట్టుకున్నాను.

"రెండు బస్సులు మారాలి. నెంబర్లంటే నాకూ తెలీదే. నాకు కనబడవుగా. స్టాపులో పక్కన ఎవరుంటే వాళ్లనడిగి ఎక్కుతాను."