ఫౌజు మైదానంలో పసుపు

చైనా లడాయి అయిన మరుసటేడు నిజామాబాదు శివారులోని ఫౌజు మైదానానికి సర్కారు నిధులు మంజూరయ్యాయి. ఆ ఫౌజువాళ్లు ఏడాది పొడుగునా సిపాయిలుగా ఉండేవాళ్లు కారు. సేద్యమో నౌకరీయో చేసుకుంటూ, పిలుపు వస్తే ఖాకీ తొడుక్కుని కవాతుకు వచ్చేవాళ్లు. ఇన్నేళ్లూ అక్కడ ఒక రేకుల షెడ్డూ గట్టి మొరం నేలా తప్ప మరేమీ లేదు. పెనిమిటి పోయిన హన్మవ్వ ఏటా ఆ నేల మీదే ఉడికించిన పసుపు ఎండబోసుకునేది. ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు తుపాకులకు పక్కా గది, చుట్టూ ముళ్లతీగ, నేలకు కొత్త మొరం వస్తున్నాయి.

ఒకరోజు పొద్దున్నే ఆమె పసుపు కొమ్ములు తిరగేస్తుంటే మరిది నర్సింలు ఖాకీ బట్టల్లో వచ్చాడు. వెనక రోడ్డు రోలరు, దాని పక్కన జీపులో ఫౌజు ఆఫీసరు సాబు.

"ఏమమ్మా, జాగ ఖాళీ చెయ్యాలె. మధ్యాన్నంకల్ల రోలరు తిరుగుతది."

హన్మవ్వ చేతులు ఆగిపోయాయి. అత్త పోయిన నాటి నుంచి తన చేతి కూడు తిని పెరిగినవాడు. నిన్ననే "వదినె, ఇంకింత పులుసు పొయ్యి" అన్న నోటితో ఇప్పుడు 'అమ్మా' అంటున్నాడు.

"ఎవలకు జెప్తున్నవ్‌రా? పోసి మూడొద్దులు గాలె. పచ్చిది కుప్పేస్తె కుళ్లి నల్లగైతది. ఏడాది కష్టం మోరీల పోసినట్టే."

"గదంత నాకు తెల్వది. సర్కారు హుకుం."

"పోయినేడు గీ జాగలనే గంపలు మోసినవ్. గప్పుడు సర్కారు పండుకున్నదా?"

రోలరు మీది మనిషి కిసుక్కున నవ్వాడు. ఆమె నీకు తెలుసా అని సాబు ఉర్దూలో అడిగాడు. నర్సింలు కళ్లు దించుకున్నాడు.

"నై సాబ్. బస్తీ ఔరత్ హై."

తెలియదు, ఎవరో బస్తీ ఆడమనిషి అన్నాడని అర్థమయ్యేంత ఉర్దూ హన్మవ్వకు వచ్చు. ఇంటికి పోయి నర్సింలు భార్య నాగవ్వను, ఎడ్లబండిని తీసుకొచ్చింది. ఇద్దరూ నడుములు విరిగేలా గంపలెత్తారు. బండి ఇంటికి చేరాక హన్మవ్వ ఇంట్లో తన వాటా వైపు చూడనైనా లేదు. అక్కడ ఉన్నది మట్టి నేల. మరిది తన వాటా ముందు దసరాకు కొత్త గచ్చు వేయించాడు. గడప నుంచి వాకిలి దాకా దాని మీద పసుపు పరిచేసింది.

"అక్కా, ఆయనేమంటడో," అంది నాగవ్వ.

"అననీ. ఎండ తగిలే గట్టి జాగ ఇంకేడున్నదో ఆయన్నే చూపియ్యమను."

పొద్దు వాలుతుండగా నర్సింలు వచ్చాడు.

"గిదేంది వదినె? నేనెట్ల పోవాలె లోపలికి?"

హన్మవ్వ తలెత్తలేదు. కొమ్ములు తిరగేస్తూనే ఉంది. అతను పళ్లు కొరికి బూటు కాలు ఎత్తాడు.

"ఆగు," అంది నాగవ్వ. చేటతో అడ్డం నిలబడింది. "బూట్లతోని పసుపు తొక్కినవంటె నా మెడల పుస్తె తెంపినట్టే. తెంపుతవా?"

ఎదురింటి అరుగు మీది ఇరుగుపొరుగువాళ్లు ఇటు తిరిగారు. నర్సింలు కాలు కాసేపు గాలిలోనే ఉండి వెనక్కి వచ్చింది. అతను కూర్చుని బూట్లు విప్పుకుని, చేత పట్టుకుని, పశువుల కొట్టం వెనక దారి పట్టాడు.

"పదిహేనొద్దులు ఎండాలె గిది," అంది హన్మవ్వ తోడికోడలితో. "అన్నొద్దులూ దొడ్డి తలుపు ఆయనకు నువ్వే తియ్యి. నేను తియ్య."