పడవలో ముందు గది

పడవ మాట మొదట ఎత్తింది చిన్నదే. ఇంట్లో ఆఖరి సంతానం కాబట్టి నలభై దాటినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదన్న దిగులు ఆమెకు లేదు. ఆ దిగులంతా మిగతావాళ్ళు పంచుకున్నారు.

అన్నయ్యకు యాభై నిండుతున్నాయని, కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా వెళ్దామని అనుకున్నారు. హోటళ్ళు వద్దు, దీవుల మధ్య తెరచాప పడవలో వారం రోజులు తిరుగుదామంది చిన్నది. కెప్టెనూ వంటమనిషీ పడవతోపాటే వస్తారు. పొద్దున ఒక దీవి పక్కన నిద్ర లేస్తే సాయంత్రానికి ఇంకో దీవి పక్కన లంగరు వేస్తారు. టైల్స్ షాపు నడిపే అన్నయ్య నవ్వాడు.

"మన వంశం బస్సెక్కితేనే వాంతులు చేసుకుంటుంది. పడవేమిటే?"

ఫొటోలు చూశాక మాత్రం ఎవరూ నవ్వలేదు. "సరే, ఆ ఏర్పాట్లేవో నువ్వే చూడు. నువ్వు ఖాళీయే కదా" అన్నారు.

ఆమె ఖాళీగా ఏమీ లేదు. అయినా చూసింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, వాచిన కాళ్ళు బకెట్లో వేడినీళ్ళలో పెట్టుకుని బుకింగ్ ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేసేది. ఏ నెలలో గాలి కుదురుగా ఉంటుంది, తుపాన్ల కాలం ఎప్పుడు ముగుస్తుంది, ఈత రానివాళ్ళు ఏ దీవి దగ్గర దిగొచ్చు, అన్నీ అడిగేది. ఒకరోజు కెప్టెన్ వీడియో కాల్లోకి వచ్చి, ఫోను చేత్తో పట్టుకుని పడవంతా తిప్పి చూపించాడు. మొత్తం నాలుగు గదులు. అన్నయ్యా వదినలకు ఒకటి, అక్కా బావలకు ఒకటి, రెండిళ్ళ పిల్లలకూ కలిపి ఒకటి. నాలుగోది పడవ ముక్కు దగ్గర, అన్నిటికన్నా ఇరుకుగా ఉంది. కానీ మంచానికి సరిగ్గా పైన, కప్పులో ఒక అద్దపు తలుపు ఉంది. వెల్లకిలా పడుకుంటే ఆకాశమే.

"ఇది నాకు" అంది చిన్నది. తన నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా రావడం ఆమెకే కొత్తగా అనిపించింది.

గదుల సంగతి ఇంట్లో అందరికీ మెసేజ్ పెట్టింది. అందరూ బొటనవేలి బొమ్మలు పంపించారు.

బయలుదేరడానికి ఇంకో నెల ఉందనగా ఒక ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనాలకు కలిశారు. తిన్నాక చిన్నది బల్ల మీద దీవుల మ్యాపు పరిచి, మొదటి రోజు ఎక్కడికి వెళ్తారో వేలితో చూపించడం మొదలుపెట్టింది. ఎవరూ మ్యాపు వైపు చూడటం లేదు. వదిన ఎత్తిన గిన్నెనే మళ్ళీ ఎత్తుతోంది. అక్క గోళ్ళు చూసుకుంటోంది. అన్నయ్య గొంతు సవరించుకుని బావ వైపు చూశాడు. బావ ఇన్సూరెన్సు కంపెనీలో బ్రాంచి మేనేజరు. ఇష్టం లేని కబురు కూడా లాటరీ తగిలినట్టు చెప్పగలడు.

"మరదలా, నీకో శుభవార్త. మా జోనల్ మేనేజరుగారూ, వాళ్ళ మేడమూ మనతో వస్తామన్నారు. ఎంత కలుపుగోలు మనుషులనుకున్నావు. వాళ్ళకి ఆ ముందు గది ఇద్దామనుకున్నాం."

"మరి నేను?"

"హాల్లో సోఫా ఉందట కదా, లాగితే మంచమైపోతుందట. నువ్వొక్కదానివే కదా."

చిన్నది మ్యాపు మీద నుంచి వేలు తీయలేదు. "ఆ హాల్లోంచే వంటగదిలోకి దారి, బావా. వంటమనిషి చీకటితోనే లేస్తాడు. రాత్రి బాత్రూముకి వెళ్ళేవాళ్ళంతా నా పక్క నుంచే పోవాలి. ఆ హాలుకి తలుపు లేదు."

"అబ్బ, సముద్రం మధ్యలో తలుపెందుకే? దొంగలొస్తారా?" అని నవ్వాడు అన్నయ్య.

"అయితే నువ్వే పడుకో అన్నయ్యా."

నవ్వు ఆగిపోయింది. వదిన సర్దిచెప్పబోయింది. "అది కాదు, పిల్లలకి నువ్వంటే ప్రాణం. హాలు వాళ్ళ గది పక్కనే కదా, రాత్రి లేచినా నువ్వుంటావని ధైర్యం. పిల్లల్ని చూసుకోడానికి పడవవాళ్ళు ఇంకో మనిషిని పంపిస్తామన్నారు, నువ్వుండగా ఎందుకని వద్దన్నాం."

"వద్దన్నారా? ఎప్పుడు?"

వదిన నాలుక కరుచుకుంది. అన్నయ్య నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పాడు, మొన్ననే బుకింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి అన్నీ మార్పించేశానని. అంటే ఈ భోజనం అడగడానికి కాదు, అయిపోయిన పని మీద ఆమెతో తలూపించుకోడానికి.

చిన్నది అక్క వైపు చూసింది. "నువ్వేమంటావు?"

"నేననేదేముంది" అంది అక్క, గోళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా. "వారం రోజులేగా. ప్రతిదానికీ మొహం మాడ్చుకోకు."

చిన్నది మ్యాపు మడిచి సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది. వెనక నుంచి బావ, "మరదలికి కోపమొచ్చింది, ఐస్‌క్రీము పెట్టండర్రా" అనడం వినపడింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఏమీ కనపడలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. పెళ్ళిళ్ళకు వెళ్తే సూట్‌కేసులు పెట్టిన గదిలో, వాటి మధ్య పరుపు. కారులో వెనక సీట్లో మధ్యన, కాళ్ళు పెట్టుకోడానికి చోటు లేని చోట. ఎవరికి ఆపరేషనైనా ఆసుపత్రిలో రాత్రి కాపలా. ఇన్నేళ్ళూ అవన్నీ తానే ఇష్టపడి చేస్తున్నాననుకుంది. నిజానికి అందులో సగం ఇష్టమే. ఆ ఇష్టాన్నే వాళ్ళు అలుసుగా తీసుకున్నారని ఇప్పుడు తెలిసేసరికి, చేసిన మంచి పనుల మీద కూడా ఆమెకు ఒళ్ళు మండింది.

మర్నాడు భోజనాల వేళ, ఎక్స్‌రే గది వెనక బరువైన సీసం ఏప్రన్లు వేలాడదీసే చోట నిలబడి బుకింగ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి గొంతులో కంగారు.

"అదేంటి మేడమ్, మీరే అలా మార్చమన్నారని చెప్పారు మీ అన్నయ్యగారు. పిల్లల దగ్గర పడుకోవడమే మీకు ఇష్టమని, ఆ గదిలో మీకు ఊపిరాడదని..."

"ఊపిరాడదని చెప్పాడా?"

"అవును మేడమ్. నేనే ఒకసారి మీకు ఫోన్ చేసి కనుక్కోవాల్సింది. సారీ."

గది లాక్కోవడం ఒక ఎత్తు. లాక్కుని, అది తన కోరికేనని పైవాళ్ళకి చెప్పడం ఇంకో ఎత్తు.

"నన్ను ఆ పడవలోంచి తీసెయ్యండి" అంది. "నా వాటా ఎటూ ఆ జోనల్ మేనేజరు కడతాడు. ఇకమీద ఏది అడగాలన్నా మా అన్నయ్యనే అడగండి. ఆయనే పెద్ద."

"తీసేస్తాను మేడమ్. కానీ ఇన్నాళ్ళు మీరే కదా..." ఆ అమ్మాయి ఆగి, కాస్త గొంతు తగ్గించి చెప్పింది. "ఇంకో రకం పడవలున్నాయి. పడవ మొత్తం ఒక్కళ్ళే తీసుకోనక్కర్లేదు, ఒక్క గది తీసుకోవచ్చు. అదే వారం ఒకటి బయలుదేరుతోంది. మిగతా గదుల్లో ఎవరెవరో ఉంటారు. కాకపోతే తెలియనివాళ్ళతో అంటే..."

"తెలిసినవాళ్ళతో ఎలా ఉంటుందో చూశాను. అందులో గదులకి తలుపులున్నాయా?"

"ఉన్నాయి మేడమ్, గడియలతో సహా."

"ఒకటి నా పేరున రాయండి."

అప్పటి నుంచి ఫోన్లన్నీ అన్నయ్యకు వెళ్ళడం మొదలైంది. ఎవరికి ఈత వచ్చు, ఎవరికి సముద్రం పడదు, ఈతకి తొడిగే రెక్కల కోసం జోనల్ మేనేజరుగారి మేడమ్ పాదం సైజెంత, విమానం ఆలస్యమైతే పడవ దగ్గరికి ఎవరు చేరుస్తారు. షాపులో టైల్స్ దించుకుంటూ, లారీ డ్రైవరు మీద అరుస్తూ అవన్నీ చెప్పాల్సొచ్చింది. వారం తిరక్కుండానే చిన్నదానికి ఫోన్ చేశాడు.

"మా అమ్మాయికి ఏ తిండి పడదో చెప్పాలంట. ఏమిటే అది? ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి చూడు."

"నీ కూతురు నీ పక్క గదిలోనే ఉంటుంది. అడుగు."

"వేళాకోళం చాలించు. గది గురించి ఇంత రాద్ధాంతమా? పోనీ, ఒక రాత్రి నువ్వూ అందులో పడుకుందువుగాని, ఆవిడకి చెప్పి ఒప్పిస్తాలే."

"నాకు ఊపిరాడదుగా."

అన్నయ్య అవతల ఎవరినో ఆగమన్నాడు.

"ఏదో... మాట వరసకి చెప్పాను."

"నన్నడిగి గది తీసుకుంటే అది వేరు. అడగనైనా అడక్కుండా నా నోట్లో మాట పెట్టావు. ఆ అమ్మాయి నేను రోగిష్టిదాన్ననుకుంది. నీ యాభయ్యో పుట్టినరోజు బాగా జరుపుకో అన్నయ్యా, మనసారా చెప్తున్నాను. నేను మాత్రం మీ పడవలో రాను, వేరే పడవలో నాకో గది తీసుకున్నాను." ఫోన్ పెట్టేసింది. వేరుశెనగ అని చెప్పకుండా ఉండలేక వదినకు మెసేజ్ పెట్టింది. పెట్టినందుకు తన మీద తనకే మళ్ళీ కోపం వచ్చింది.

రెండ్రోజుల తర్వాత అక్క ఆసుపత్రికే వచ్చింది. పోస్టాఫీసు కౌంటరు నుంచి సెలవు పెట్టి మరీ వచ్చింది. కట్లు కట్టుకున్నవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని, చిన్నది తలుపు తీయగానే లేచింది.

"నీకు బుద్ధేమైనా ఉందా? అందరి ఎదుటా అన్నయ్య పరువు తీస్తున్నావు."

"ఇక్కడ అరవకు" అని చెయ్యి పట్టుకుని ఏప్రన్ల గదిలోకి లాక్కెళ్ళింది చిన్నది. "ఇప్పుడు అరుచుకో."

"ఆ జోనల్ మేనేజర్ని నేను పిలిచాననుకున్నావా? ఆ ఆదివారం పొద్దున్నే నాకూ తెలిసింది. ఈయన ప్రమోషన్ కోసం ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. నేనేం చెయ్యను?"

"తెలిశాక మీ ఆయనతో ఏమన్నావు?"

"ఏమంటాను?"

"ఏమీ అనలేదు. ఆయన్ని అనలేక నన్ను మొహం మాడ్చుకోవద్దన్నావు. నీ గది ఇవ్వొచ్చుగా వాళ్ళకి? అన్నయ్యది ఇవ్వొచ్చుగా? ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఎప్పుడూ రాదు."

అక్క మొహం కందగడ్డలా అయింది. "నీకేం తెలుసే? రోజూ నీ ఇంట్లో నువ్వు తలుపేసుకుని పడుకుంటావు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు గదెక్కడిది? స్నానం చేస్తుంటే కూడా బయట నుంచి పిలుస్తూనే ఉంటారు. నువ్వు ఒక్క వారం సోఫా మీద పడుకుంటే ఏం పోయింది?"

"అంటే నాకో ఇల్లుందని నా మీద అక్కసా?"

"అవును" అంది అక్క.

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. బయట ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. చిన్నదాని కోపం తగ్గలేదు. కానీ అక్క మొట్టమొదటిసారి నిజం చెప్పిందని మాత్రం అర్థమైంది.

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ కొత్త పడవలో, ఆ గదిలో ఇద్దరు పడతారా?"

"పడతారు."

"అయితే నేనూ..."

"కుదరదు."

అక్క తలెత్తింది.

"కుదరదక్కా. ఆ గది నాది. నీతో కూడా పంచుకోను. కావాలంటే ఇంకో గది ఉందేమో కనుక్కో."

"నువ్వు కనుక్కుని పెట్టవా?"

"పెట్టను. నీకోసం ఇంకెవరో అడగడం అలవాటైపోయింది నీకు. నంబరు మీ అందరి దగ్గరా ఉంది."

అక్క సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తలుపు దడాలున మూసుకుంది. కర్కశంగా అన్నానా అని చిన్నది ఆ రోజంతా తనను తాను అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ కాదనే అనిపించింది. అలా అనిపించినా బాధ పోలేదు.

తర్వాతి వారం బావ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో లాటరీ లేదు. "మా సంసారంలో నిప్పులు పోశావు మరదలా. మీ అక్క ఆ జోనల్ మేనేజరుగారి ముందే నేను మీతో రావట్లేదంది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నన్నడుగుతారేం బావా? నేను పోసిన నిప్పయితే ఆర్పడం నాకు తెలిసుండేది."

ఆ సాయంత్రమే అక్క నుంచి ఫోన్ వచ్చింది. చిన్నది అప్పుడే ఒక ముసలాయన్ని మోకాలి ఎక్స్‌రే కోసం బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి అవతలికి వచ్చింది.

"నేను తీసుకున్నాను" అంది అక్క. "నీ పడవలోనే, వెనక వైపు గది. ఇంజను చప్పుడు వస్తుందట. నువ్వన్నావని కాదు తీసుకుంది."

"మంచిది."

"పిల్లాణ్ణి వాళ్ళ నాన్నే తీసుకెళ్తాడు. చూసుకోనీ ఒక వారం."

"చూసుకోనీ."

"ఇంకోటి. పడవలో నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. నాకింకా నీ మీద కోపంగానే ఉంది" అంది అక్క.

"నాకూ అంతే."

"సరే అయితే" అంది అక్క. కానీ ఫోన్ వెంటనే పెట్టలేదు. చిన్నదీ పెట్టలేదు. లోపల నుంచి ముసలాయన, కదలొచ్చా అమ్మా అని అడిగాడు. ఇంకొక్క నిమిషం అలాగే ఉండండి తాతగారూ అని చెప్పి, ఆమె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.