నొసటి మీది రెండు గీతలు

ఆమె ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది. నాన్న ఫొటోలో నొసటి మీది రెండు గీతలు చెరిగింది పొరపాటున కాదు. ఆమే కావాలని చెరిపింది.

స్టూడియోలో ఆమె పనే అది. పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ మొటిమలూ ముడతలూ తుడిచెయ్యడం. నాన్న అమ్మతో గొడవపడి అత్తయ్య ఇంటికి వెళ్ళిపోయాక, "ఆయన ఫొటో ఒకటి పెద్దది చేయించవే" అంది అమ్మ. నాన్న 'కాదు' అంతా ఆ రెండు గీతల్లోనే ఉండేది. చదువు మాన్పించిన 'కాదు', ఈ ఉద్యోగం వద్దన్న 'కాదు'. మౌసు రెండు నొక్కుల్లో పోయింది.

గోడెక్కిన రోజు నుంచే ఫొటో తలూపడం మొదలెట్టింది. ఎవరూ వింతపడలేదు. "మీ నాన్న మెత్తబడ్డాడే!" అన్నాడు పక్కింటాయన. అమ్మ ఏం కొనాలన్నా ఫొటోనే అడిగేది. ఏడాదిగా నాన్నకి ఒక్క ఫోనూ చెయ్యలేదు. అవసరమేముంది?

నాయనమ్మకొక్కదానికే అది గిట్టదు. దానికి వీపు పెట్టి అన్నం తింటుంది. ఓసారి మనవరాలితో అంది:

"మావాడు బుద్ధెరిగాక ఒక్కదానికైనా సరేనన్నాడా? ఇది గంగిరెద్దు. బొమ్మకి మేకు కొట్టారంటే మనిషికి పీట ఎత్తేసినట్టే. వెనకటికి విగ్రహాల ముక్కులు చెక్కేసినవాళ్ళందరూ కోపంతోనే చెక్కారనుకున్నావా? రాయి తలూపిందని చెప్పి పనులు చక్కబెట్టుకునేవాళ్ళని చూసి, భయంతో చెక్కినవాళ్ళూ ఉంటారు."

"నువ్వు చూసొచ్చావా?"

"చూసి రావాలా? ఈ ఇల్లు చాలదూ!"

ఓ ఆదివారం టీ గ్లాసు చేతికిస్తూ అమ్మ అంది, "నాలుగింటికి కుట్టుమిషన్ కొనేవాడొస్తాడు."

"నాన్న మిషనా? అడిగావా?"

"అడక్కుండా అమ్ముతానా? ఏమండీ, ఇచ్చేద్దామా?"

ఫొటో తలూపింది.

ముప్ఫయ్యేళ్ళు నాన్న కుట్టింది ఆ మిషన్ మీదే. అదీ పోతే ఆయన తిరిగి రావడానికి వంకంటూ మిగలదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, ఆమె ఫొటో దగ్గరికెళ్ళింది.

"నా చదువు మాన్పించడం మంచిదేనా?"

తలూపింది.

"తప్పా?"

అదే ఊపు.

"నాన్న ఇక రానక్కర్లేదా?"

ఊపింది. ఆమె ఫొటో అద్దం ఊడదీసి, మిషన్ సొరుగులోని బ్లేడు తీసి పైకెత్తింది.

"నిన్ను గీకెయ్యనా?"

నవ్వుతూ తలూపింది.

 పెన్సిలుతో ఆ గీతలు మళ్ళీ దిద్దితేనో? అప్పుడు 'కాదు' అంటుంది. కానీ ఆ కాదు కూడా తను గీసిందే అవుతుంది, నాన్నది కాదు. నొసటి నుంచి గడ్డం దాకా గీకేసింది.

"అయ్యో అయ్యో, ఏం పని చేశావే!" అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఇప్పుడెవర్నడగను?"

బయట ఆటో ఆగింది. మిషన్ కోసం వచ్చినవాడు తలుపు కొట్టాడు. ఏడాదిలో మొదటిసారి నాయనమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

నాన్న కాదంటాడు. ముందు తిడతాడు కూడా. తనకీ ఒక 'కాదు' తప్పదు. తెలిసే, ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది.

"తలుపు తియ్యకమ్మా. ముందు మనిషినడుగుదాం."